ఒకే పేరు, రెండు పుస్తకాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టర్లు వైద్యం గురించి చెబుతున్నారు, లాయరు గారు భూమి రికార్డుల గురించి చెబుతున్నారు, నువ్వు నీ పని గురించి చెప్పు. అందరికీ అర్థం కావాలి సుమా" అన్నారు. నేను డివైస్ డ్రైవర్లు రాస్తాను. డ్రైవర్ అనగానే మా మేనత్త ఇప్పటికీ ఏ బండి అనే అడుగుతుంది. అంత పెద్ద విషయాన్ని ఇరవై నిమిషాల్లో చెప్పడం నావల్ల కాదు. అందుకే అందులోంచి ఒక్క చిన్న సంగతి తీసుకున్నాను. డ్రైవర్‌ను తయారుచేసేటప్పుడు మేం రాసే ఒకే ఒక్క వరుస గురించి. కావలసిన ఫైళ్లను ఎక్కడ వెతకాలో కంపైలరుకు చెప్పే వరుస అది. చూడటానికి చాలా అల్పంగా ఉంటుంది. దానివల్ల ఒక రైతు తూకం తప్పింది, ఒక కుర్రాడి ఉద్యోగం పోబోయింది. ఆ సంగతి చెప్పడానికి ముందు కొంచెం నేల చదును చేసుకోవాలి.

కంప్యూటరుకు ప్రింటరు తగిలిస్తాం, కెమెరా తగిలిస్తాం, రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం తగిలిస్తారు. ఆ వస్తువు భాష దానిది. కంప్యూటరు లోపల అన్నిటినీ నడిపే కెర్నల్ అనే ప్రోగ్రాము భాష దానిది. ఈ రెంటి మధ్య దుబాసీ పని చేసేది డ్రైవర్. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే ఆగిపోతుంది. డ్రైవర్ కెర్నల్ లోపలే కూర్చుని పనిచేస్తుంది కాబట్టి, అది తప్పు చేస్తే యంత్రం మొత్తం ఆగిపోవచ్చు. లేదా ఆగకుండా తప్పుగానే నడుస్తూ పోవచ్చు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఈ డ్రైవర్లు ఎక్కువగా సీ భాషలో రాస్తాం. సీ భాషలో ప్రతి ఫైలు పై భాగంలో, "ఫలానా హెడర్ ఫైలును ఇక్కడ కలుపుకో" అని కొన్ని వరుసలు ఉంటాయి. హెడర్ ఫైలులో ఏముంటుందంటే, కెర్నల్‌తో ఏ సమాచారం ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో ఆ వివరం ఉంటుంది. మొదటి 4 బైట్లలో ఇది ఉంటుంది, ఆ తర్వాతి 4 బైట్లలో అది ఉంటుంది, ఈ పని కావాలంటే ఈ పేరుతో పిలవాలి, ఇలా. హెడర్ అంటే ఒక ఒప్పంద పత్రం అనుకోండి. అవతలివాడి దగ్గర ఉన్న ప్రతీ, మన దగ్గర ఉన్న ప్రతీ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి.

మన ప్రోగ్రాములో ఆ ఫైలు పేరు మాత్రమే రాస్తాం. అది ఏ డైరెక్టరీలో ఉందో సాధారణంగా రాయం. వెతకాల్సిన డైరెక్టరీల జాబితాను విడిగా కంపైలరుకు ఇస్తాం. లినక్స్‌లో వాడే జీసీసీ అనే కంపైలరుకైతే "మైనస్ ఐ" అని రాసి, పక్కనే డైరెక్టరీ పేరు రాస్తాం. అలాంటివి పదో ఇరవయ్యో ఉంటాయి. కంపైలర్ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క అరా తెరిచి చూస్తుంది. ఆ పేరుతో ఫైలు కనబడిన మొదటి అర దగ్గరే ఆగిపోతుంది. తీసుకుంటుంది. తర్వాతి అరల్లో అదే పేరుతో ఇంకా మంచిది, ఇంకా కొత్తది ఉందేమోనని చూడదు. మా కష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఇక్కడున్న గురువులకు ఇది బాగా తెలిసిన సంగతే, వేరే రూపంలో. మన రోజుల్లో కొత్త పుస్తకాలు ఎంతమంది కొన్నాం? జూన్ నెల రాగానే పై తరగతికి వెళ్లినవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి సగం ధరకు తెచ్చుకునేవాళ్లం. అన్న పుస్తకం తమ్ముడికి, తమ్ముడిది పక్కింటివాడికి. సిలబస్ మారని ఏడాది ఏ గొడవా లేదు. మారిన ఏడాది వచ్చేది చిక్కు. అట్ట మీద అదే పేరు, అదే తరగతి. మాస్టారు "64వ పేజీ తీయండి, మూడో లెక్క చేయండి" అంటారు. కొత్త పుస్తకం ఉన్నవాడికి అది వడ్డీ లెక్క. అన్న పుస్తకం ఉన్నవాడికి అది వైశాల్యం లెక్క. పుస్తకమే లేనివాడు లేచి నిలబడి "లేదండీ" అంటాడు, రెండు తిట్లు తిని పక్కవాడి దాంట్లో చూస్తాడు. వాడికి నష్టం లేదు. పాత పుస్తకం ఉన్నవాడు మాత్రం తలవంచుకుని, చాలా శ్రద్ధగా, తప్పు లెక్క పూర్తిగా చేసేస్తాడు. జవాబు కూడా వస్తుంది. వాడి లెక్క ప్రకారం అది ఒప్పే.

కంపైలర్ "ఈ ఫైలు దొరకలేదు" అని ఆగిపోతే కొత్తగా చేరిన పిల్లలు కంగారుపడతారు. నేను మాత్రం ఊపిరి పీల్చుకుంటాను. అది పుస్తకం లేని పిల్లవాడు. దొరికిందని చెప్పి పాత పుస్తకం తెరిచేవాడే నాకు భయం.

వెతికే వరుసకు ఇంకో మెలిక ఉంది. హెడర్ పేరును కోణాల బ్రాకెట్ల మధ్య రాయవచ్చు, లేదా కొటేషన్ గుర్తుల మధ్య రాయవచ్చు. కోణాల మధ్య రాస్తే జీసీసీ మనం ఇచ్చిన జాబితాలోని అరలు చూసి, ఆ తర్వాత వ్యవస్థలోని మామూలు అరలకు వెళుతుంది. కొటేషన్లలో రాస్తే, ఏ ఫైలులో ఆ వరుస ఉందో ఆ ఫైలు ఉన్న డైరెక్టరీలో ముందు చూస్తుంది. జాబితా సంగతి తర్వాత. అంటే, ఊళ్లో అందరినీ అడిగే ముందు మన ఇంట్లో చూసుకోవడం లాంటిది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆ ఫైలును కలుపుకున్న పై ఫైలు డైరెక్టరీలోనూ, దానికి పైదాని డైరెక్టరీలోనూ కూడా చూసి, ఆ తర్వాతే మనం ఇచ్చిన జాబితాకు వస్తుంది. అందుకే ఒక అక్షరం మార్చని ప్రోగ్రాము ఒక కంపైలరుతో ఒక ఫైలును, ఇంకో కంపైలరుతో ఇంకో ఫైలును పట్టుకోవచ్చు.

పేర్లు కలవకుండా ఉండటానికి పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. మన హాజరు పట్టీలో శ్రీనివాస్‌లు ముగ్గురు ఉంటే ఇంటిపేరుతో పిలిచినట్టే, లినక్స్ కెర్నల్‌లో హెడర్ పేరు ముందు "లినక్స్ స్లాష్" అనో, "ఏఎస్ఎం స్లాష్" అనో ఉంటుంది. లినక్స్ ఇంటిపేరున్నవి అన్ని యంత్రాలకూ ఉమ్మడివి. ఏఎస్ఎం ఇంటిపేరున్నవి ఆ ప్రాసెసర్ రకానికి సొంతం. ఇంటెల్ యంత్రానికి తయారుచేస్తుంటే ఒక అరలోంచి, ఆర్మ్ యంత్రానికి తయారుచేస్తుంటే మరో అరలోంచి వస్తాయి. ఇక్కడ ఒకే పేరుతో ఎన్నో ఫైళ్లు ఉండటం తప్పు కాదు, కావాలని చేసిందే. ఏ అర ముందు తెరవాలో నిర్ణయించేది మళ్లీ ఆ జాబితాయే.

2012లో కెర్నల్ 3.7 వచ్చినప్పుడు ఈ అరల్లో ఒక పెద్ద సర్దుబాటు జరిగింది. డేవిడ్ హోవెల్స్ అనే ఆయన, మామూలు ప్రోగ్రాములకు చూపించదగ్గ భాగాన్నీ కెర్నల్ తన లోపల ఉంచుకోవాల్సిన భాగాన్నీ విడదీసి, మొదటిదాన్ని యూఏపీఐ అనే వేరే డైరెక్టరీల్లోకి మార్చారు. వీధి అరుగు మీద మాట్లాడేవి వేరు, వంటింట్లో మాట్లాడుకునేవి వేరు అన్నమాట.

ఇప్పుడు కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లల దగ్గర నేను తరచూ చూసే సంగతి ఒకటి. ఈ సభలో ఇంజనీరింగు చదివే పిల్లలున్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు, వాళ్లకు చెప్పండి. పిల్లవాడు సీ భాష నేర్చుకున్న మొదటి రోజున రాసినట్టే డ్రైవర్‌లోనూ "ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్" కలుపుకోమని రాస్తాడు. కంపైలర్ దొరకలేదంటుంది. అది ఎక్కడుందో వాడికి తెలుసు, యూఎస్ఆర్ స్లాష్ ఇన్‌క్లూడ్‌లో ఉంది, కళ్లెదురుగా కనబడుతోంది. కంపైలరుకే బుద్ధి లేదనుకుని, ఆ డైరెక్టరీని జాబితాలో చేరుస్తాడు. అంతే, ఒక ఎర్రర్ పోయి ఏభై వస్తాయి. ఒకే పేరు రెండుసార్లు నిర్వచించారని, రకాలు కలవడం లేదని. కొన్నిసార్లు ఏమీ రాకపోవచ్చు కూడా, అది ఇంకా చెడ్డది.

కంపైలర్ అక్కడ చూడకపోవడానికి కారణం ఉంది. కెర్నల్‌ను కట్టేటప్పుడు "నోఎస్‌టీడీ‌ఇంక్" అనే సూచన ఇస్తారు. మామూలు అరల వైపు అసలు వెళ్లవద్దు, నేను చూపినవే చూడు, అని దాని అర్థం. కెర్నల్ లోపల తెర లేదు, కీబోర్డు లేదు, మామూలు ప్రోగ్రాములకు ఉండే సీ లైబ్రరీ లేదు. అక్కడ ప్రింట్‌ఎఫ్ పనిచేయదు, ప్రింట్‌కే అని వేరే ఉంది. అంటే, ఆ ఫైలు దొరకలేదన్న మాటకు అసలు అర్థం "ఇది నీకు ఇక్కడ అక్కర్లేదు" అని. దారి చూపించడం కాదు, అడగడం మానేయడం సరైన పని. "ఫైలు దొరకలేదు" అన్న ఎర్రర్ చూడగానే "అది ఎక్కడుంది?" అని వెతికేవాళ్లే నూటికి తొంభైమంది. "ఇక్కడ ఏది ఉండాలి?" అని అడిగేవాళ్లు తక్కువ. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్నతోనే మనిషి గురించి చాలా తెలుసుకుంటాను.

కెర్నల్ బయట, మన సొంత డైరెక్టరీలో డ్రైవర్ రాసుకుంటే, తయారుచేసే పని మాత్రం కెర్నల్ వాళ్ల ఏర్పాటుకే అప్పగిస్తాం. స్లాష్ లిబ్, మాడ్యూల్స్, ఆ తర్వాత ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ సంఖ్య, దాని కింద బిల్డ్. ఆ చిరునామాకు వెళ్లి, నా డైరెక్టరీ ఇదీ, దీన్ని కట్టిపెట్టు అని అడుగుతాం. సరైన కెర్నల్ తాలూకు హెడర్లు దొరకడానికి ఇదే రాజమార్గం. మన హెడర్లకు వేరే డైరెక్టరీ ఉంటే, మేక్‌ఫైలులో సీసీఫ్లాగ్స్-వై అనే వరుసలో దాని దారి రాస్తాం. ఇక్కడ చాలా ఏళ్లపాటు జనం ఒకే గుంటలో పడ్డారు. మైనస్ ఐ పక్కన ఊరికే "ఇన్‌క్లూడ్" అని రాసేవాళ్లు. మేక్ అప్పటికే కెర్నల్ డైరెక్టరీలోకి వెళ్లి కూర్చుంది కాబట్టి, అది మన ఇన్‌క్లూడ్ కాదు, కెర్నల్‌ది అయ్యేది. "మా వీధి చివర కిరాణా కొట్టు" అని చెప్పినట్టు, చెప్పేవాడి వీధి ఒకటి, వినేవాడి వీధి మరొకటి. అందుకని డాలర్ గుర్తుతో ఎస్ఆర్‌సీ అని ముందు రాసి, ఆ తర్వాత మన డైరెక్టరీ పేరు రాయాలి. ఈ ఫైలు ఎక్కడుందో అక్కడి నుంచి లెక్కపెట్టు, అని దానర్థం. ఈమధ్య వచ్చిన కెర్నళ్లలో మేక్ కూర్చునే చోటు మార్చారు. డాలర్ ఎస్ఆర్‌సీ రాసుకున్నవాళ్లకు ఏ తేడా రాలేదు. దగ్గరిదారి తొక్కినవాళ్లు మేక్‌ఫైళ్లు తిరగరాసుకున్నారు.

ఇంకొందరు మొత్తం దారి రాసేస్తారు, హోమ్ స్లాష్ తన పేరు స్లాష్ ఇంకేదో. వాళ్ల కంప్యూటర్లో హాయిగా నడుస్తుంది. ఆ మనిషి ఉద్యోగం మారి ఆరేళ్లయినా, ఆ పేరుతో ఒక డైరెక్టరీని బిల్డ్ కంప్యూటర్లో పెట్టి పూజించుకుంటున్న ఆఫీసులు నేను చూశాను. దాన్ని కదిలించడానికి ఎవరికీ ధైర్యం ఉండదు.

విండోస్ వైపు పనిచేసిన పాతవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లకోసం రెండు మాటలు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డ్రైవర్లు రాయడానికి డీడీకే అనే సామగ్రి వచ్చేది. సోర్సెస్ అనే చిన్న ఫైలులో ఇన్‌క్లూడ్స్ అని రాసి, సమాన గుర్తు పెట్టి, డైరెక్టరీల పేర్లు సెమికోలన్‌లతో విడదీసి రాసేవాళ్లం. తర్వాత బిల్డ్ అని కొడితే తయారయ్యేది. ఆ డీడీకేలో ఎన్‌టీడీడీకే డాట్ హెచ్ అనే ముఖ్యమైన హెడర్ ఒకటి కాదు. విండోస్ 2000కు ఒక అరలో, ఎక్స్‌పీకి ఒక అరలో, 2003కు ఇంకో అరలో, అదే పేరుతో ఉండేది. స్టార్ట్ మెనూలో ఏ కిటికీ తెరిచామన్నదాన్ని బట్టి ఏ అర ముందుకు వస్తుందో తేలేది. నల్లటి కిటికీలన్నీ చూడటానికి ఒకటే! పైన పేరు చదవకుండా తెరిచి, ఎక్స్‌పీ కోసం కట్టి, 2000 ఉన్న యంత్రంలో పెట్టి, ఎందుకు లోడ్ కావడం లేదని జుట్టు పీక్కున్న సాయంత్రాలు ఆ తరంలో చాలామందికి గుర్తుంటాయి. డైరెక్టరీ పేరులో ఖాళీ ఉంటే బిల్డ్ పనిచేసేది కాదు, "మై డాక్యుమెంట్స్"లో పెట్టుకున్నవాళ్ల పని అంతే. 2012లో డబ్ల్యూడీకే 8తో ఈ సోర్సెస్ పద్ధతి పోయి, విజువల్ స్టూడియోలోకి మారింది. ఇప్పుడు అరలకు పేర్లు స్పష్టంగా ఉన్నాయి. కెర్నల్‌వి కేఎం అనే డైరెక్టరీలో, మామూలు ప్రోగ్రాములవి యూఎం అనే డైరెక్టరీలో, ఇద్దరికీ పనికొచ్చేవి షేర్డ్ అనే దాంట్లో.

ఇప్పుడు తూకం సంగతి.

పత్తి కొనుగోళ్ల రోజుల్లో వేబ్రిడ్జి దగ్గర ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. కొన్నిచోట్ల ధర్మకాంటా అని బోర్డు ఉంటుంది. అలాంటి ఒకచోట ఒక రైతు చీటీ చూసుకుని గొడవపెట్టాడు. ఆయన ముందు వెళ్లిన ట్రాక్టరుకు 5,260 కిలోలు వచ్చింది. ఈయనకూ 5,260. కాటా 10 కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి రెండు బండ్ల బరువు కలవచ్చు. కానీ ముందు బండి సగానికి దిగి ఉంది, ఈయన ట్రాలీ పైకి పేర్చి తాళ్లు కట్టి ఉంది. "నీ కంప్యూటరుకు కళ్లు లేవా?" అన్నాడట. మళ్లీ తూస్తే 5,910 వచ్చింది. తేడా ఆరున్నర క్వింటాళ్లు. క్వింటాలు 7,000 రూపాయలు వేసుకున్నా 45 వేల పైమాటే.

అనుమానం ముందు ఎవరి మీదికి పోతుంది? కాటా దగ్గర కూర్చునే కుర్రాడి మీదికి. ఎవరి దగ్గరో డబ్బు తిని పాత చీటీనే మళ్లీ తీశాడన్నారు. పదిహేను రోజులు పని మాన్పించారు. ఈలోగా కాటా కింద ఉండే లోడ్ సెల్స్ పరీక్షించారు, అవి బాగానే ఉన్నాయి. కేబుల్ మార్చారు, ఎర్తింగ్ చూశారు. పాత చీటీలు తిరగేస్తే, వరుసగా రెండు బండ్లకు ఒకే బరువు పడినవి ఇంకొన్ని దొరికాయి. కొన్నిట్లో నష్టం రైతుది, కొన్నిట్లో లాభం రైతుది. డబ్బు తినేవాడు అలా రెండు వైపులా తప్పు చేయడు కదా, అన్న ఆలోచన అక్కడి ఒక అకౌంటెంటుకు వచ్చింది. ఆ అమ్మాయి వల్లే కంప్యూటరు పెట్టె హైదరాబాదులో మా దగ్గరికి చేరింది. ఆ వేబ్రిడ్జి సామగ్రి ఎవరు తయారుచేశారో ఇక్కడ అనవసరం.

అది లినక్స్ పెట్టె. తూకం అందుకునే కార్డుకు ఒక డ్రైవర్ భాగం, ఆ తూకాన్ని చీటీ ప్రోగ్రాముకు అందించే ఇంకో భాగం, రెండు మాడ్యూళ్లు. రెంటి మధ్య ఒప్పంద పత్రం ఒక చిన్న హెడర్. మొదట్లో ఆ హెడర్ ప్రకారం వరుస ఇది: మొదటి 4 బైట్లలో స్థితి, తర్వాతి 4 బైట్లలో ప్రస్తుత బరువు. తర్వాత ఎవరో మంచి ఉద్దేశంతోనే ఒక గడి చేర్చారు, "చివరిగా నిలకడ పడిన బరువు" అని. దాన్ని స్థితికీ ప్రస్తుత బరువుకూ మధ్యలో పెట్టారు. ప్రస్తుత బరువు 4 బైట్లు వెనక్కి జరిగింది.

మొదటి మాడ్యూల్ కొత్త హెడర్‌తో తయారైంది. రెండోది పాతదానితో. అంటే ఒకరు కొత్త పుస్తకం పట్టుకుని 64వ పేజీ తీయమంటే, రెండోవాడు అన్న పుస్తకంలో 64వ పేజీ తీశాడు. ప్రస్తుత బరువు అనుకుని వాడు చదివింది చివరిగా నిలకడ పడిన బరువును. బండి ఎక్కి కాటా నిలకడ పడ్డాక ఆ రెండూ ఒకటే అంకె కాబట్టి, రోజంతా అంతా ఒప్పుగానే కనబడుతుంది. బండి పూర్తిగా నిలవకముందే, తొందరలో బటన్ నొక్కితే మాత్రం ముందు బండి బరువు వస్తుంది. రద్దీ ఉన్న రోజు తొందర ఎవరికి ఉండదు? పరీక్షించడానికి వచ్చినవాళ్లు మాత్రం నింపాదిగా నొక్కేవాళ్లు. వాళ్లకు ప్రతిసారీ సరైన బరువే వచ్చింది.

మరి కొత్త హెడర్ ఉన్న డైరెక్టరీని జాబితాలో రాయలేదా అంటే, రాశారు. మేక్‌ఫైలులో ఆ వరుస తప్పు లేకుండా ఉంది, డాలర్ ఎస్ఆర్‌సీతో సహా. మాకన్నా ముందు చూసినవాళ్లందరూ ఆ వరుస చూసి బాగుందన్నారు, నిజంగానే బాగుంది. ప్రోగ్రాములో హెడర్ పేరు కొటేషన్లలో ఉంది. రెండో మాడ్యూల్ ఉన్న డైరెక్టరీలోనే పాత హెడర్ ప్రతి ఒకటి పడి ఉంది. కంపైలర్ ముందు ఇంట్లో చూసింది, దొరికింది, ఆగిపోయింది. జాబితా దాకా రానే లేదు.

ఆ ప్రతి అక్కడికి ఎలా వచ్చిందో మార్పుల చరిత్ర చూస్తే, ఒక పాత తేదీన "బిల్డ్ ఆగుతోంది, సరిచేశాం" అన్న ఒక్క వాక్యం ఉంది. ఏదో కంప్యూటర్లో ఫైలు దొరకలేదన్న ఎర్రర్ వస్తే, తెచ్చి పక్కన పడేశారు. ఎర్రర్ పోయింది. ఆ రోజు రెండు ప్రతులూ ఒకటే.

కెర్నల్ కాపలా కాయదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. కాస్తుంది. మాడ్యూల్ ఏ కెర్నల్ కోసం తయారైందో వెర్‌మ్యాజిక్ అనే ముద్ర ఒకటి దాని మీద ఉంటుంది, సరిపడకపోతే లోపలికి రానివ్వదు. ఇక్కడ రెండు మాడ్యూళ్లూ సరైన కెర్నల్‌కే కట్టారు, ముద్ర సరిపోయింది. ఒకరినొకరు పిలుచుకునే ఫంక్షన్లకు సరిచూసే సంఖ్యలు వేసే ఏర్పాటు కూడా ఉంది. పిలిచే మాడ్యూలు ఆ సంఖ్యను తన దగ్గరి హెడర్ చూసి లెక్కకట్టదు, అవతలి మాడ్యూలు కట్టినప్పుడు పుట్టిన జాబితాలోంచి తెచ్చుకుంటుంది. కాబట్టి అదీ సరిపోయింది. వాచ్‌మన్ టికెట్ చూస్తాడు, చేతిలో ఉన్న పుస్తకం ఏ ఏడాదిదో చూడడు.

మేం కనిపెట్టిన విధానంలో గొప్పతనం ఏమీ లేదు. కంపైలరును నమ్మకుండా అడిగాం, అంతే. జీసీసీకి మైనస్ హెచ్ అని పెద్ద అక్షరంతో సూచన ఇస్తే, ఏ హెడర్‌ను ఏ డైరెక్టరీ నుంచి తీసుకుందో ఒక్కొక్కటే వరుసగా చెబుతుంది. మైనస్ వి అంటే అది వెతికే అరల జాబితా మొత్తం చూపిస్తుంది. కెర్నల్ పద్ధతిలో కడితే ఇంకా సులువు. ప్రతి ఫైలుకూ చుక్కతో మొదలై సీఎండీతో ముగిసే ఒక దాపుడు ఫైలు పక్కనే తయారవుతుంది. కంపైలరుకు ఇచ్చిన పూర్తి ఆజ్ఞ, వాడిన హెడర్ల పూర్తి చిరునామాలు అందులో ఉంటాయి. రెండు మాడ్యూళ్ల సీఎండీ ఫైళ్లు పక్కపక్కన పెడితే, ఒకే పేరు రెండు చిరునామాల్లో కనబడింది. అరగంట పని. దానికి ముందు పదిహేను రోజులు లోడ్ సెల్స్ విప్పి బిగించారు.

పాత ప్రతిని తీసేశాం. రెండు మాడ్యూళ్లూ ఒకే హెడర్ వాడేలా చేశాం. ఆ ఒప్పందం మొదటి గడిలోనే దాని మొత్తం పరిమాణం రాసేలా మార్చాం. రెండోవాడు తెరిచి, తన దగ్గరున్న పరిమాణంతో అది కలవకపోతే తూకం ఇవ్వకుండా ఎర్రర్ ఇస్తాడు. ఇది మేం కనిపెట్టింది కాదు, విండోస్ డ్రైవర్లలో ఎన్నో నిర్మాణాల్లో ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. నిలకడ పడకముందు బటన్ నొక్కితే చీటీ రాకుండా కూడా చేయించాం. అది మొదటినుంచీ ఉండవలసింది, ఎందుకు లేదో నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కుర్రాణ్ణి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. పదిహేను రోజుల జీతం ఇచ్చారా అని అడిగాను. ఇవ్వలేదని తెలిసి, మేం ఇచ్చిన రిపోర్టులో మొదటి పేజీలోనే "ఆపరేటరు ప్రమేయం లేదు" అని రాశాం. కారణం అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ జతచేశాం, ఆ పేజీలో హెడర్ అన్న మాట లేదు. రెండు పుస్తకాల కథే రాశాం. తర్వాతి నెలలో జీతం ఇచ్చారని ఆ అకౌంటెంటు అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

ఇందాక భోజనాల దగ్గర ఒక తమ్ముడు, ఫైనలియర్ చదువుతున్నాడట, "అన్నా, మా ప్రాజెక్టుకు ఏదో హెడర్ దొరకడం లేదు, నెట్‌లో వెతికి తెచ్చి ఫోల్డర్లో పెట్టాను, నడుస్తోంది" అన్నాడు. తమ్ముడూ, ఎక్కడున్నావో చేయి ఎత్తు. సభ అయ్యాక లాప్‌టాప్ తీసుకుని మన ఏడో తరగతి గదికి రా, అక్కడ ప్లగ్ పాయింటు పనిచేస్తోంది, పొద్దున్నే చూశాను. ముందు మైనస్ హెచ్ పెట్టి కడదాం. ఏది ఎక్కడినుంచి వస్తోందో చూశాక, నువ్వు తెచ్చి పెట్టినదాన్ని తీసేసి మళ్లీ కడదాం. అప్పుడు ఆగితే ఆగనీ, ఎందుకు ఆగిందో ఇద్దరం కలిసి చదువుదాం.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. తర్వాత మాట్లాడవలసిన డాక్టరు గారు నాకు రెండేళ్లు సీనియరు, ఆమెను ఎదురుచూసేలా చేయడం నాకు అప్పుడూ ధైర్యం లేదు, ఇప్పుడూ లేదు. సెలవు. నమస్కారం.